పెరట్లో ఉన్నది నేల ఉసిరేనా? కామెర్లకు ఆ పసరు ఇవ్వొచ్చా?

ప్రశ్న: మా అబ్బాయికి 16 ఏళ్లు. వారం నుంచి కళ్లు పచ్చబడ్డాయి. రక్తపరీక్షలో బిలిరుబిన్ (కామెర్లలో పెరిగే పసుపు పదార్థం) 6.2 వచ్చింది. నేల ఉసిరి పసరు పరగడుపున మూడు రోజులు తాగిస్తే దిగిపోతాయని మా అత్తయ్య అంటున్నారు. పెరట్లో చూస్తే అలాంటి మొక్కలే మూడు రకాలున్నాయి. ఏది అసలైనది? ఇప్పటికే ఉప్పు, నూనె మాన్పించాం.
– ఒక తల్లి, జగిత్యాల

జవాబు: అమ్మా, ముందు మొక్క సంగతి చూద్దాం. కాడ తుంచండి. తెల్లటి పాలు కారితే అది నానబాలు జాతి, నేల ఉసిరి కాదు. పాలు రాకపోతే రెమ్మను తిరగేసి చూడండి. ఆకుల కింద వరసగా ఆవగింజ కన్నా కాస్త పెద్ద కాయలు నున్నగా, సన్నటి తొడిమకు వేలాడుతుంటే అదే నేల ఉసిరి. తమిళులు దీన్ని కీళానెల్లి అంటారు. కీళ్ అంటే కింద, నెల్లి అంటే ఉసిరి. కాయలు గరుకుగా ఉండి, తొడిమ లేకుండా రెమ్మకే అతుక్కుని, కాడ ఎర్రబారి ఉంటే అది ఆ కుటుంబంలోనే వేరే మొక్క. పొద్దుగూకాక ఆకులు ముడుచుకోవడం గుర్తుగా పెట్టుకోకండి, రెండూ ముడుచుకుంటాయి.

మీ అత్తయ్య చెప్పింది గాలిమాట కాదు. ఆయుర్వేదం భూమ్యామలకి అన్నది దీన్నే. మన ఇళ్లలో సమూలంగా నూరి మజ్జిగలో ఇవ్వడమూ పాత అలవాటే. 1988లో మద్రాసు పరిశోధకులు హెపటైటిస్‌ బి (కాలేయానికి సోకే వైరస్ జబ్బు) ఉన్న 37 మందికి దీని పొడి ఇస్తే 22 మందిలో ఆ వైరస్‌ ఆనవాలు పోయిందని ప్రకటించారు. తర్వాత ఇతరులు చేసిన పరీక్షల్లో అలాంటి ఫలితం రాలేదు.

అయినా మీవాడికి ఇప్పుడు పసరు ఇవ్వొద్దనే చెబుతాను. ఈ వయసులో కామెర్లు ఎక్కువగా కలుషితమైన నీటి వల్ల వచ్చే హెపటైటిస్‌ ఎ వల్లే వస్తాయి. పసరు తాగినా తాగకపోయినా కొన్ని వారాల్లో అవే తగ్గుతాయి. కానీ హెపటైటిస్‌ బి, పిత్తాశయంలో రాళ్లు, అరుదుగా కాలేయంలో రాగి పేరుకుపోయే విల్సన్‌ జబ్బు కూడా కళ్లను ఇలాగే పచ్చబరుస్తాయి. ఏ జబ్బో తేలకముందే పసరు పోస్తే, రేపు బిలిరుబిన్ పెరిగినప్పుడు అది జబ్బు వల్లో పసరు వల్లో చెప్పలేం. కళ్లలో, ముక్కులో పసరు పిండటం, చేతికి వాత పెట్టించడం మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోకండి.

ఎస్‌జీపీటీ (కాలేయం దెబ్బతిన్నదేమో చూసేది), పీటీ-ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టే తీరు చూసేది), హెపటైటిస్‌ ఎ, బి, ఇ పరీక్షలు, కడుపు స్కానింగ్‌ ఈ రెండు రోజుల్లోనే చేయించండి. ఉప్పు, నూనె మాన్పించాల్సిన పని లేదు. పిల్లాడు నీరసించిపోతాడు. ఇడ్లీ, పప్పన్నం, పెరుగు, గుడ్డు, ఏది సయిస్తే అది కొంచెం కొంచెంగా పెట్టండి. జ్వరం వచ్చిందని సొంతంగా పారాసిటమాల్‌ వేయకండి.

పగలంతా మగతగా పడుకోవడం, మాట తడబడటం, చిగుళ్ల నుంచి రక్తం, ఆగని వాంతులు, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా అర్ధరాత్రయినా సరే, తెల్లారేదాకా ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.