టోబ్రామైసిన్ ఆపిన నెలలో ఎఫ్‌ఇవి1 పడిపోతే మందు పనిచేయనట్టేనా?

మీ ప్రశ్నలోని అంకెలు ఇవి: తమ్ముడికి 24 ఏళ్లు, సిస్టిక్ ఫైబ్రోసిస్ (ఊపిరితిత్తుల్లో చిక్కటి కఫం పేరుకునే జన్యు జబ్బు), కఫంలో సూడోమోనాస్ అనే బాక్టీరియా. నెబ్యులైజర్‌తో టోబ్రామైసిన్ అనే యాంటిబయోటిక్ 300 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, 28 రోజులు వాడి 28 రోజులు ఆపడం. ఎఫ్‌ఇవి1 అంటే గట్టిగా ఊదినప్పుడు మొదటి సెకనులో బయటికొచ్చే గాలి. మొదలుపెట్టిన రోజు ఎఫ్‌ఇవి1 1.80 లీటర్లు, 28వ రోజున 1.92, ఖాళీ నెల చివర 1.78. పెరిగిందంతా పోయింది, మందు మార్చమని అడగాలా అంటున్నారు.

ఈ మూడు అంకెలు చూసి మార్చమనకండి. 1.80, 1.78 రెండూ మందు లేని రోజులవే, వాటి మధ్య 20 మి.లీ. తేడాకి అర్థం లేదు. ఒకే పూట ఊదినా మేలైన రెండు ఊదుళ్ల మధ్య 150 మి.లీ. వరకు తేడాని స్పైరోమెట్రీ (ఊదించి ఊపిరి కొలిచే పరీక్ష) నియమాలే ఒప్పుకుంటాయి. అందుకే 120 మి.లీ. పెరుగుదలని కూడా పూర్తిగా మందు ఖాతాలో వేయలేం. మందు ఆగాక సూడోమోనాస్ మళ్లీ పెరుగుతుంది, ఊపిరి కొంత జారుతుంది, ఇది మామూలే. మందు నెల చివరి అంకెని మరో మందు నెల చివరి అంకెతో, ఖాళీ నెల చివరిదాన్ని మరో ఖాళీ నెల చివరిదాంతో పోల్చండి. మూడు విడతలైనా చూడందే ధోరణి తెలియదు.

శాతాల దగ్గర చాలామంది పొరబడతారు. ఆ వయసుకి, ఎత్తుకి ఉండాల్సిన దాంట్లో 60 శాతం నుంచి 54కి వస్తే తగ్గింది 6 పాయింట్లు, కానీ తన పాత స్థాయిలో అది 10 శాతం. పెద్దవాళ్లలో లీటర్లు రాసుకోవడమే మేలు.

కొలిచే ముందు మందుల వరుస కూడా ఒకేలా ఉండాలి: ముందు శ్వాసనాళాలు తెరిచే సాల్బుటమాల్, తర్వాత కఫం పలచబరిచే మందు, కఫం తీసే వ్యాయామం, అన్నిటికన్నా చివర యాంటిబయోటిక్. కఫం నిండిన గొట్టాల్లోకి మందు సరిగ్గా చేరదు. 5 మి.లీ. మందు సుమారు 15 నిమిషాల్లో అయిపోవాలి. 25 నిమిషాలు పడుతోందంటే నెబ్యులైజర్ కప్పు పూడుకుందేమో, కంప్రెసర్ ఫిల్టర్ మాసిందేమో చూడండి. మందు మార్చే ముందు తప్పక చూడాల్సింది ఇదే.

పీల్చిన అరగంటలోపే పడిపోవడం వేరే సంగతి. అది శ్వాసనాళాలు బిగుసుకోవడం. సాల్బుటమాల్ తర్వాత ఒకసారి, యాంటిబయోటిక్ అయ్యాక 30 నిమిషాలకి ఒకసారి ఊదించండి. 1.80 కాస్తా 1.53కి వచ్చిందంటే 15 శాతం పోయినట్టు; పిల్లికూతలు, ఛాతీ బిగువు కూడా ఉంటే తర్వాతి డోసుకి ముందే డాక్టరుతో మాట్లాడాలి.

కఫం కల్చర్ రిపోర్టులో 'రెసిస్టెంట్' (ఈ మందుకి లొంగదు) అని కనబడినా కంగారు వద్దు. ల్యాబ్ హద్దులు రక్తంలో చేరే మోతాదుకి పెట్టినవి. పీల్చినప్పుడు కఫంలో చేరేది దానికి ఎన్నో రెట్లు. ఆ రిపోర్టుకన్నా బరువు, కఫం రంగు, ఏడాదిలో ఎన్నిసార్లు ఇన్ఫెక్షన్ ముదిరిందన్న లెక్క ఎక్కువ చెబుతాయి.

తన మేలైన 1.92 నుంచి 10 శాతం, అంటే 1.73 కిందికి పడి, దగ్గు, కఫం పెరిగి, ఆకలి తగ్గితే మాత్రం ఆ రోజే క్లినిక్‌కి ఫోన్ చేయండి. మందు నెల ఇంకో పది రోజుల్లో వస్తుంది కదా అని ఆగొద్దు.