ఏసీ గొడవ చూసి హోటల్ మేనేజ్‌మెంట్ అంటోంది… చేర్పించొచ్చా?

ప్రశ్న: మేం కొంపల్లిలో ఉంటాం. నాకు చిన్న ఎలక్ట్రికల్ షాపు ఉంది. మా అమ్మాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. ఈమధ్య మా బావమరిది కొడుకు రిసెప్షన్ బంజారాహిల్స్‌లో ఒక ఫైవ్‌స్టార్ హోటల్లో జరిగింది. గదిలో ఏసీ పనిచేయట్లేదని మా చుట్టాలాయన కింద కౌంటర్ దగ్గర అరుస్తుంటే, నల్లకోటు వేసుకున్న ఒకమ్మాయి ఐదు నిమిషాల్లో ఆయన్ని చల్లబరిచి పంపించింది. అప్పట్నుంచి మా పిల్ల ‘నేను ఆ పనే చేస్తా, ఇంజనీరింగ్ వద్దు’ అంటోంది. ‘ప్లేట్లు మోయడానికా ఇంత చదివించింది’ అని వాళ్లమ్మ ఏడుస్తోంది. నాకేమో నైట్ డ్యూటీలంటే భయం. అసలు ఆ పనేంటి? గౌరవం ఉంటుందా?

జవాబు: నమస్తే అండీ. మీ చుట్టాలాయన గొడవ దగ్గర్నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే మీ అమ్మాయి చూసింది ఆ ఐదు నిమిషాలే. ఆ నల్లకోటు అమ్మాయి ఏం చేసి ఉంటుందో నేను ఊహించగలను. ముందు ఆయన్ని కౌంటర్ దగ్గర్నుంచి పక్కకి తీసుకెళ్లి కూర్చోబెట్టి ఉంటుంది. నిలబడ్డ మనిషికి కోపం పెరుగుతుంది, కూర్చుంటే కాస్త దిగుతుంది. పైగా లాబీలో నలుగురు చూస్తుంటే ఎవరూ వెనక్కి తగ్గరు. తర్వాత మంచినీళ్లు. ఆయన చెప్పింది పూర్తిగా విని, అదే మాట తిరిగి చెప్పి ఉంటుంది: ‘అంటే సార్, మధ్యాహ్నం నుంచి మీరు రెండుసార్లు ఫోన్ చేశారు, ఎవరూ రాలేదు.’ అక్కడికి సగం అయిపోతుంది. ఆ తర్వాత ఇంజనీరింగ్ వాళ్లకి, అంటే హోటల్లో మరమ్మతులు చూసేవాళ్లకి, ఫోన్ చేసి, ‘పది నిమిషాల్లో మనిషి వస్తాడు’ అని టైమ్ చెప్పి, తొమ్మిదో నిమిషంలో గదికి తనే ఫోన్ చేసి కనుక్కుని ఉంటుంది. చివర్లో లాగ్‌బుక్‌లో రాసిపెడుతుంది, రాత్రి షిఫ్ట్‌కి వచ్చేవాళ్లు అదే గదికి ‘ఏమైనా ప్రాబ్లమా సార్’ అని కొత్తగా అడక్కుండా.

మీకు తీయని మాటల్లా కనిపించినా, అందులో ఎక్కువ భాగం పద్ధతి. పద్ధతి ఎవరికైనా నేర్పొచ్చు. మిగిలిన కొంచెం నేర్పితే వచ్చేది కాదు. మీ అమ్మాయి విషయంలో చూడాల్సింది ఆ కొంచెమే.

కౌన్సెలింగ్‌లోకి రాకముందు నేను ఈ ఊళ్లోనే ఒక పెద్ద హోటల్ ఫ్రంట్ ఆఫీసులో, అంటే మీరు చూసిన ఆ రిసెప్షన్ కౌంటర్ దగ్గర, ఆరేళ్లు పనిచేశాను. చేరిన మొదటి ఏడాది ఒక తెల్లవారుజామున, నాలుగున్నర అయ్యుంటుంది, శంషాబాద్ నుంచి క్యాబ్‌లో ఒక పెద్ద వయసు జంట దిగారు. అమెరికా నుంచి రెండు విమానాలు మారి వచ్చారు. బుకింగ్ ఆ రోజు తేదీకే ఉంది. కానీ హోటల్ లెక్కలో ఆ రోజు మధ్యాహ్నం రెండింటికి మొదలవుతుంది. తెల్లవారుజామున దిగేవాళ్లు ముందు రాత్రికి కూడా బుక్ చేసుకోవాలి, లేదా ముందే చెప్పి పెట్టుకోవాలి. ఇది చాలామందికి తెలియదు. బుక్ చేసింది అమెరికాలో ఉన్న వాళ్లబ్బాయి, అతనికీ తెలిసినట్టు లేదు. హోటల్ నిండుగా ఉంది. నేను చాలా మర్యాదగా, నేర్పినట్టే, ‘చెక్-ఇన్ రెండింటికి సార్, ఈలోపు లాబీలో విశ్రాంతి తీసుకోండి’ అన్నాను. పెద్దాయన ఏమీ అనలేదు. తలూపి వెళ్లి సోఫాలో కూర్చున్నారు. హమ్మయ్య, గొడవ పెట్టుకోలేదు అనుకున్నాను.

పది నిమిషాలకి మా డ్యూటీ మేనేజర్ రౌండ్స్ నుంచి కిందికి వచ్చారు. నాతో ఒక్క మాట మాట్లాడకుండా నేరుగా ఆ పెద్దావిడ దగ్గరికెళ్లి వంగి, ‘అమ్మా, ఇన్సులినా? ఫ్రిజ్‌లో పెట్టించనా?’ అని అడిగారు. అప్పుడు చూశాను. ఆవిడ ఒళ్లో చిన్న నీలం రంగు పౌచ్, లోపల ఐస్‌ప్యాక్ కరిగి చీర కొంగు తడిసింది. ఎవరిని అడగాలో తెలియక ఆవిడ దాన్ని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. నా కౌంటర్‌కి పదిహేను అడుగుల దూరంలో.

మందు ఫ్రిజ్‌లోకి వెళ్లింది. జిమ్ పక్కన బట్టలు మార్చుకునే గదిలో స్నానానికి ఏర్పాటు చేశారు, తర్వాత వేడి ఇడ్లీ వచ్చింది. తొమ్మిదింటికి ఒక చెక్-అవుట్ రాగానే ముందు ఆ గది శుభ్రం చేయించి వాళ్లకిచ్చారు. నేను చెప్పిన రూల్‌లో తప్పేమీ లేదు. ఆ మాట మేనేజర్ కూడా ఒప్పుకున్నారు. ‘రూల్ చెప్పడానికి బోర్డు చాలు కదమ్మా’ అన్నారంతే. అన్నట్టు, వెళ్లేటప్పుడు ఫీడ్‌బ్యాక్ ఫారంలో ఆ పెద్దాయన ఇన్సులిన్ గురించి ఒక్క ముక్క రాయలేదు. మర్నాటి దోసె చల్లారిపోయిందని రాశారు. ఇదీ ఈ ఉద్యోగమే.

లగ్జరీ అంటే మనకి షాండ్లియర్, పాలరాయి గుర్తొస్తాయి. అవి డబ్బుతో వస్తాయి, పక్క హోటల్లోనూ ఉంటాయి. అంత డబ్బు కట్టినవాళ్లు ఎదురుచూసేది తాము అడక్కముందే ఎవరో ఒకరు గమనించడం. చిక్కేంటంటే ఆ ఎదురుచూపు ఒక్కొక్కరిదీ ఒక్కో రకం. సోమవారం రాత్రి హైటెక్ సిటీ హోటల్‌కి బెంగళూరు నుంచి వచ్చే కంపెనీ మనిషి నెలలో పది రాత్రులు హోటళ్లలోనే ఉంటాడు. అతనికి పువ్వులు, పలకరింపులు అక్కర్లేదు. రెండు నిమిషాల్లో తాళం, పొద్దున ఆరున్నరకి కాఫీ, బిల్లు మీద కంపెనీ పేరు, జీఎస్టీ నంబర్ తప్పు లేకుండా ఉండాలి. ఆ నంబర్‌లో ఒక్క అంకె తప్పితే వాళ్ల అకౌంట్స్ వాళ్లు బిల్లు వెనక్కి కొడతారు, అతను మీ మూడు రోజుల సేవనంతా ఆ అంకెతోనే గుర్తుపెట్టుకుంటాడు.

అదే ఫలక్‌నుమా సంగతి చూడండి. నిజాం కొలువులోని నవాబు వికారుల్ ఉమ్రా కట్టించుకుంటే ఆరో నిజాం చేతికి వెళ్లిన ప్యాలెస్ అది. 2010లో తాజ్ వాళ్లు హోటల్‌గా తెరిచారు. 101 మంది ఒకేసారి కూర్చునే భోజనాల బల్ల ఉందక్కడ. అక్కడికి పాతికేళ్ల పెళ్లిరోజుకని ఏడాదిపాటు డబ్బు దాచుకుని ఒక్క రాత్రికి వచ్చేవాళ్లూ ఉంటారు. వాళ్లని రెండు నిమిషాల్లో గదికి పంపేస్తే అవమానించినట్టే. ఆ మెట్ల మీద నిలబెట్టి ఫొటో తీయాలి, ఒకటి సరిగ్గా రాకపోతే ఇంకోటి తీయాలి. కాస్త మొహమాటంగా ఉంటారు, స్పూన్లు ఫోర్కుల వరస చూసి తడబడతారు. వాళ్లకి తెలియదన్న సంగతి మనకి తెలిసినట్టు కనపడకూడదు. నా దృష్టిలో ఈ పనిలో అన్నిటికంటే కష్టమైన భాగం ఇదే. కోపంగా ఉన్నవాణ్ని సముదాయించడం దీనికంటే నయం.

ఇక మన పెళ్లిళ్లు. హైదరాబాద్‌లో పెద్ద హోటల్లో చేరితే ముహూర్తాల సీజన్ తప్పదు. బాంక్వెట్ హాల్లో హోమం అంటే స్మోక్ అలారం సంగతి ముందే ఇంజనీరింగ్‌తో మాట్లాడి పెట్టుకోవాలి, మనిషిని కాపలా ఉంచాలి. లేకపోతే మాంగల్యధారణ వేళకి సైరన్ మోగుతుంది. తెల్లవారుజామున మూడింటి ముహూర్తమైతే ఆ వేళకి ఫిల్టర్ కాఫీ కావాలి. గోరింటాకు, పసుపు మరకలు పడితే తెల్ల దుప్పట్లు పాడైనట్టే లెక్క. వాటికి డబ్బు వసూలు చేయాలని హోటల్ అంటుంది. ఆ మాట పెళ్లికూతురి తండ్రికి అప్పగింతల రోజు ఎవరు చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి? తెలివైనవాళ్లు గోరింటాకు రాత్రికి ముందే ముదురు రంగు పాత దుప్పట్లు వేయిస్తారు. ఆ మాట చెప్పాల్సిన పనే పడదు.

మీ భయాల దగ్గరికొస్తాను. ప్లేట్లు మోస్తుందా? మోస్తుంది. బాత్రూమ్‌లు కడగడమూ నేర్పిస్తారు. ఈ చదువులో ఫ్రంట్ ఆఫీస్, హౌస్‌కీపింగ్, వంట, వడ్డన నాలుగూ అందరూ చేయాల్సిందే. ఒక సెమిస్టర్ హోటల్లో ట్రైనింగ్ ఉంటుంది. రేపు జనరల్ మేనేజర్ అయ్యేవాళ్లూ దుప్పటి మూల మడత పెట్టడం దగ్గరే మొదలుపెడతారు. వాళ్లమ్మగారికి ఇది దాచి చెప్పకండి, మొదటి నెలలోనే తెలిసిపోతుంది.

గౌరవం విషయం సూటిగా చెబుతాను. హోటల్ లోపల గౌరవం బాగానే ఉంటుంది, అతిథుల దగ్గర మాత్రం రోజూ ఉండదు. చిటికెలు వేసి పిలిచేవాళ్లుంటారు, తాగి మాట తూలేవాళ్లుంటారు. మంచి హోటల్ అయితే అలాంటప్పుడు ఆడపిల్లని పక్కకి తప్పించి డ్యూటీ మేనేజరో సెక్యూరిటీయో ముందుకొస్తారు. అన్నిచోట్లా అలా జరుగుతుందని నేను హామీ ఇవ్వలేను. అందుకే ఏ హోటల్లో చేరుతోంది అన్నది జీతం కంటే ముందు చూడాలి. నైట్ డ్యూటీలు ఫ్రంట్ ఆఫీసులో తప్పవు. రాత్రి లెక్కలు సరిచూడటం, తెల్లారి విమానాలకి వెళ్లేవాళ్ల బిల్లులు, విదేశీయులు వస్తే వాళ్ల పాస్‌పోర్టు, వీసా వివరాలు 24 గంటల్లోగా ఇమ్మిగ్రేషన్‌కి పంపడం, పని ఉంటూనే ఉంటుంది. రాత్రి షిఫ్ట్ ఆడపిల్లలకి ఇంటిదాకా క్యాబ్ ఇస్తారా, తోడు ఎవరైనా ఉంటారా అని ఆఫర్ లెటర్ తీసుకునేటప్పుడే అడగండి. ఆమె అడగడానికి మొహమాటపడితే మీరు అడగమనండి.

డబ్బు: మొదటి రెండు మూడేళ్లు ఇంజనీరింగ్ చేసి ఐటీలో చేరిన స్నేహితులతో పోల్చుకుంటే బాధపడుతుంది. డ్యూటీలో భోజనం, యూనిఫాం ఉతుకులు హోటల్‌వే. పండగలకి సెలవు ఉండదు, మనకి పండగంటే హోటల్‌కి సీజన్. మరోవైపు ఇది నచ్చక మానేసినా దారులు మూసుకుపోవు. పెద్ద ఆసుపత్రుల్లో, ఎయిర్‌లైన్స్‌లో, గచ్చిబౌలి వైపు పెద్ద ఆఫీసుల నిర్వహణలో ఈ పిల్లలనే వెతుక్కుంటారు.

చదువు ఎక్కడంటే, ముందు విద్యానగర్‌లోని ఐహెచ్ఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హోటల్ మేనేజ్‌మెంట్). కేంద్రం పరిధిలోది, దానికి ఎన్‌సీహెచ్ఎం జేఈఈ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి. ఇంటర్ ఏ గ్రూప్ అయినా పర్వాలేదు, ఇంగ్లిష్ ఒక సబ్జెక్టుగా ఉండాలి. ఇన్నాళ్లుగా ఉన్న పద్ధతిలో 200 ప్రశ్నలు, అందులో 60 ఇంగ్లిష్, 50 సేవారంగానికి తగిన స్వభావం ఉందా అని చూసేవి. ఎంపీసీ పిల్లలు లెక్కలు ఊదేసి ఈ యాభై దగ్గర బోర్లాపడతారు. గచ్చిబౌలిలో నిథమ్ అని టూరిజం, హోటల్ చదువుల సంస్థ ఉంది, అదీ చూడండి. ప్రైవేటు కాలేజీల్లో ‘వంద శాతం ప్లేస్‌మెంట్, విదేశాల్లో ఉద్యోగం’ అని బ్యానర్ కట్టినచోట ఫీజు కట్టే ముందు రెండే చూడండి: కిచెన్ ల్యాబ్‌లో పొయ్యిలు నిజంగా వెలుగుతున్నాయా, పోయినేడాది పిల్లలు ఏ హోటళ్లలో ట్రైనింగ్ చేశారు. రెండోదానికి కాగితం చూపించమనండి. ఎప్‌సెట్ మానేయాల్సిన పనిలేదు, రెండూ రాయనివ్వండి. ‘ఇంజనీరింగ్ వద్దు’ అన్న మాట మీద ఇప్పుడే పంతానికి పోతే ఇద్దరూ ఇరుక్కుంటారు.

దానికంటే ముందు ఒక పని. ఇంటర్ పరీక్షలు అయ్యాక, ఆమెకి 18 నిండి ఉంటే, నమ్మకమైన క్యాటరింగ్ వాళ్ల దగ్గర రెండు మూడు పెళ్లిళ్లకి రోజుకూలీ మీద పంపించండి. హోటల్ మేనేజ్‌మెంట్ పిల్లలు చాలామంది చేసేదే, ఓడీసీ (అవుట్‌డోర్ క్యాటరింగ్) అంటారు. పది గంటలు నిలబడి, నాలుగొందల మందికి మంచినీళ్లిచ్చి, ఒక మామయ్యగారితో మాటపడి, రాత్రి పన్నెండింటికి ఇంటికొచ్చాక కూడా ‘నాన్నా, అక్కడొక బామ్మ…’ అని కథ చెబుతుందా, కాళ్లు నొప్పులని పడుకుంటుందా చూడండి. కాళ్లు నొప్పులు ఎలాగూ ఉంటాయి, నేను అడిగేది కథ గురించి.

ఇంకో చిన్న పని ఈ ఆదివారమే చేయొచ్చు. ఏదైనా పెద్ద హోటల్ లాబీలో మీరిద్దరూ కాఫీ తాగండి. పదకొండు నుంచి ఒంటిగంట మధ్య వెళ్లండి, చెక్-అవుట్ల హడావుడి అప్పుడే. ఏమీ చెప్పకండి, వచ్చేటప్పుడు బండి మీద ‘ఏం చూశావు’ అని మాత్రం అడగండి. వాళ్లమ్మగారిని కూడా తీసుకెళ్తే ఇంకా మంచిది. కాఫీ వందల్లో ఉంటుంది, బిల్లు చూసి అక్కడ మాత్రం ఏమీ అనకండి.