సెంట్రినో స్టిక్కరున్న లాప్‌టాప్ ఇంక పనికొస్తదా?

ప్రశ్న: అన్నా నమస్తే. మా మామ వాడి పక్కకు పెట్టిన లాప్‌టాప్ నాకిచ్చిండు, మీద సెంట్రినో స్టిక్కర్ ఉంది, లోపల ఇంటెల్ పెంటియం ఎం చిప్ 1.6 గిగాహెర్ట్జ్, ర్యామ్ 512 ఎంబీ. హనుమకొండల రిపేర్ షాపాయన కోర్ 2 డ్యుయో చిప్ ఏస్తా, విండోస్ 10 నడుస్తది అంటున్నడు. నేను పెన్‌డ్రైవ్ తోటి లుబుంటు లైనక్స్ ఎక్కిద్దామంటే పీఏఈ (చిప్ ఎక్కువ మెమరీని అందుకునే సౌకర్యం) లేదని ఆగిపోతాంది. ఏం జెయ్యాలె?
– డిగ్రీ స్టూడెంట్, కాజీపేట

జవాబు: తమ్మీ, ముందుగాల ఆ షాపాయనకు పైసలియ్యకు. కోర్ 2 డ్యుయో ఆ సాకెట్‌కు సరిపోదు, చిప్‌సెట్ (బోర్డు మీద ప్రాసెసర్‌కు తోడుండే చిప్‌లు) కూడా వేరే. విండోస్ 10కి పీఏఈ, ఎన్‌ఎక్స్ (డేటా ఉన్న మెమరీల దొంగ కోడ్ నడవకుంట ఆపేది), ఎస్‌ఎస్‌ఈ2 (లెక్కలు జల్ది చేసే అదనపు ఆదేశాలు) మూడూ కావాలె, చానా పెంటియం ఎంలల్ల ఎన్‌ఎక్స్ ఉండదు, పైగా దాని సపోర్టే 2025 అక్టోబర్ల అయిపోయింది.

అట్లని చిప్ చెత్తది అనుకోకు. 2003 మార్చిల వచ్చింది, ఇజ్రాయెల్‌ల ఇంటెల్ వాళ్ల హైఫా టీం చేసింది. అప్పుడు పెంటియం 4 అంటే గిగాహెర్ట్జ్ పెంచుడే పిచ్చి, లాప్‌టాప్‌ల పెడితే ఒళ్లో పెట్టుకోలేనంత వేడి, వీళ్లేమో పెంటియం 3 దారిల పోయి, స్పీడు తగ్గించి క్యాష్ (చిప్ లోపలుండే చిన్న మెమరీ) పెంచిన్రు, మొదటి దాంట్ల 1 ఎంబీ, 2004ల వచ్చిన దోథాన్ అనే రెండో రకంల 2 ఎంబీ. అందుకే 1.6 అని రాసున్నా 2.4 పెంటియం 4 తోటి పోటీ పడేది, కరెంటు మాత్రం 25 వాట్ల లోపే. తర్వాత కోర్ ప్రాసెసర్లు ఈ దారిలనే వచ్చినయ్.

ఇగ నీ ఎర్రర్. పీఏఈ అందుల ఉంది, కాని ఉన్నదని చిప్ చెప్పదు, బియ్యం నిండుగున్న డబ్బా మీద పేరు రాయనట్టు. బూట్ మెనూల లైనక్స్ లైన్ చివర ఫోర్స్, పీఏఈ రెండూ కలిపి చిన్నక్షరాలల్ల, మధ్యల గ్యాప్ లేకుంట కొట్టి ఎంటర్ నొక్కు. పీఏఈని బలవంతంగ ఆన్ చేస్తున్న అని వార్నింగ్ ఇస్తది, భయపడకు. లేకుంటే డెబియన్ 12, 32 బిట్‌ది ఎక్కించు, అది పీఏఈ అడగదు. 13ల 32 బిట్ ఇన్‌స్టాలర్ తీసేసిన్రు.

సీ ప్రోగ్రాములు, టైపింగ్, పాటలు మంచిగ నడుస్తయ్. క్రోమ్ ఆశ పెట్టుకోకు, 2021 నుంచి దానికి ఎస్‌ఎస్‌ఈ3 కావాలె, దీంట్ల లేదు. ర్యామ్ మాత్రం పెంచు, 512 తోటి డెస్క్‌టాప్ తెరుచుకునేసరికే ఓపిక పోతది. కొనేముందు పాత ముక్క తీసి మీద డీడీఆర్ అనుందా డీడీఆర్2 అనుందా చూసుకో, ఒకటి తెచ్చి ఇంకోదాంట్ల పెడదామంటే పట్టదు.