హగరి ఒడ్డు పల్లె చరిత్ర కావాలంటే ముందు బళ్ళారి పేరున వెతకండి

మీరడిగింది ఇది: కణేకల్లు దగ్గర హగరి (వేదవతి) ఏటి ఒడ్డున మీదొక చిన్న పల్లె, కొంత దూరం పోతే కర్ణాటక. ఊరి చరిత్ర రాద్దామంటే అనంతపురం జిల్లా పాత పుస్తకాల్లో ఊసే లేదు. అసలు పాత ఊరేనా, ఎక్కడ వెతకాలి అని.

మాదీ ఆ ఏటి ఒడ్డే, మీకు దిగువన బొమ్మనహాళ్ వైపు. మా ఊరి కోసం చాలాకాలం ఇదే పనిమీద తిరిగినాను కాబట్టి చెబుతున్నా. ఊరు పాతదే అయ్యుంటుంది. కాగితాలు అనంతపురం పేరున లేవు, అంతే.

1800లో నిజాం ఈ సీమను ఇంగ్లీషు కుంపిణీకి రాసిచ్చాడు. అలా రాసిచ్చిన దత్త మండలాలన్నింటికీ థామస్ మన్రో దొర కలెక్టరు. ఆయన వెళ్ళిపోయాక 1808లో వాటిని బళ్ళారి, కడప అని రెండు జిల్లాలు చేశారు. మనం బళ్ళారిలో పడ్డాం. 1882లో బళ్ళారిని చీల్చి అనంతపురం జిల్లా చేసినప్పుడు కూడా మన ఊళ్ళున్న రాయదుర్గం తాలూకాను బళ్ళారిలోనే ఉంచేశారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చిననాడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఇటు వచ్చాయి. మొదటి రెండూ కర్నూలుకు, మనది అనంతపురానికి. బళ్ళారి మైసూరుకు పోయింది.

కాబట్టి 1905లో ఫ్రాన్సిస్ దొర రాసిన అనంతపురం గెజెటీరులో (జిల్లా వివరాల సర్కారు పుస్తకం) రాయదుర్గం తాలూకాకు చోటు లేదు. అదే దొర అంతకు ముందు ఏడాది, 1904లో, రాసిన బళ్ళారి గెజెటీరు తీయండి. దానికి ముందు 1872లో కెల్సాల్ రాసిన బళ్ళారి మాన్యువల్ ఉంది. జనాభా లెక్కలు కూడా అంతే, 1951 వరకూ బళ్ళారి కింద, 1961 నుంచి అనంతపురం కింద చూడాలి. ఫసలీ (శిస్తు లెక్కల సంవత్సరం) చూసేటప్పుడు 590 కలుపుకుంటే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఫసలీ జూలైలో మొదలవుతుంది కాబట్టి 1363వ ఫసలీ నడుమన ఊరు రాష్ట్రమే మారింది. బళ్ళారి కింద పూర్తిగా నడిచిన ఆఖరి ఫసలీ 1362.

గెజెటీర్లలో చిన్న పల్లెకు దొరికేది ఒకటో రెండో వాక్యాలు, అదీ కోటో గుడో ఉంటేనే. మన బోటి ఊళ్ళకు అసలు సరుకు ఇనాం (మాన్యం) భూముల రిజిస్టర్లలో ఉంది. 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్ వేసి, ఊరూరా మాన్యాలు ఎవరివి, ఎవరిచ్చారు, ఏ పనికిచ్చారు అని విచారించి రాయించింది. మా ఊరి పేజీలు చేతికొచ్చినప్పుడు రాజుల కథలు పక్కన పెట్టేశాను. పూజారికి ఇంత, జంగమయ్యకు ఇంత, పీర్ల చావడికి ఇంత, తలారికి, మంగలికి, చాకలికి, నీరుగంటికి ఇంత. నూట అరవై ఏళ్ళ కిందటి ఊరంతా ఒక్కొక్కరుగా లేచి నిలబడినట్టు ఉంటుంది. ‘ఎవరిచ్చారు’ అన్న గడిలో చాలాచోట్ల ‘తెలియదు’ అనే ఉంది. తెలియనిది తెలియదని రాసిన ఆ గుమాస్తా మీద నాకు మహా గౌరవం.

అందులో నన్ను పట్టుకున్నది నీరుగంటి, అంటే చెరువు నీళ్ళు పొలాలకు పంచేవాడి మాన్యం. చెరువు లేని ఊరికి నీరుగంటి దేనికి? ఈనాడు మా ఊళ్ళో చెరువు లేదు. పెద్దవాళ్ళను అడిగితే ఊరికి ఏటివైపున్న ఇసుక దిబ్బలను చూపించి, అక్కడే తూము ఉండేదని వాళ్ళ అబ్బలు చెప్పేవాళ్ళన్నారు. నైరుతి గాలి మొదలైతే ఎండిన ఏటిలోని ఇసుక లేచి తూర్పు గట్టు పొలాల మీద పడడం మీకు నేను చెప్పాల్సిన పని లేదు. దర్గా హొన్నూరు దిబ్బలు చూడ్డానికి ఇప్పుడు జనం ఫోన్లు పట్టుకుని వస్తున్నారు గానీ, వాటి కింద మడికట్లు పోయినవాళ్ళకు అది చోద్యం కాదు. ఇదే ఏటి మీద పైన మైసూరు సీమలో 1907 నాటికి వాణీవిలాస సాగరం కట్టారు, తర్వాత మనవైపు భైరవానితిప్ప ఆనకట్ట వచ్చింది. ఏట్లో నీళ్ళు పారే రోజులు తగ్గేకొద్దీ గాలికి దొరికే ఇసుక పెరిగింది. మా ఊరికి మళ్ళీ వరిమడి కనబడింది తుంగభద్ర ఎగువ కాలువ వచ్చాకే. ఆ కాలువనే హెచ్చెల్సీ అంటారు; ‘హెచ్చెల్సీ నీళ్ళొచ్చిన ఏడు’ అని మావాళ్ళు ఇప్పటికీ పెళ్ళిళ్ళు, పుట్టుకలు లెక్కకడతారు. మీరు ముసలివాళ్ళను సంవత్సరం అడక్కండి, కాలువకు ముందా వెనకా అనడగండి.

రాళ్ళ సంగతి. గుడి ముందో, పాటిమన్ను (పాత ఊరి దిబ్బ మన్ను) తవ్విన చోటో వీరగల్లు (పోరులో చచ్చిన వీరుడి రాయి) దొరికితే సున్నం కొట్టి వీరన్న అని మొక్కుతుంటారు. గీకి కడగబోకండి, ఊళ్ళో తగువు అవుతుంది. ఏటవాలు ఎండలో ఫోటో తీయండి, అక్షరాలు వాటంతటవే తేలతాయి. మనవైపు పాత శాసనాలు ఎక్కువగా కన్నడం. వాటిని దక్షిణ భారత శాసనాల తొమ్మిదో సంపుటంలో, బళ్ళారి జిల్లా పేరుతోనే చూడండి. శక సంవత్సరానికి 78 కలిపితే మన లెక్క.

సర్వే చేసిన మెకంజీ దొర మనుషులు రాయించిన కైఫీయతులు (ఊళ్ళ చరిత్రలు) మద్రాసు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి. అందులో మీ ఊరు లేకపోయినా రాయదుర్గం, కణేకల్లు పేర్ల మీద వెతికితే చుట్టుపక్కల సంగతులు తగలొచ్చు. వాటిని నమ్మడంలో మాత్రం కాస్త నిదానం కావాలి. కరణాలు దండకవిలెలు (ఊరి పాత లెక్కల కట్టలు) చూసి చెప్పిన శిస్తు లెక్కలు గట్టివి. ఊరు పుట్టిన కథ మాత్రం ఎక్కడ చూసినా ఒకటే వరస: రాయలు వేటకొచ్చాడు, కుందేలు కుక్కను తరిమింది, ఊరు కట్టించాడు. అన్ని కుందేళ్ళు మన సీమలో ఉండే వీల్లేదు.

మొదట చేయాల్సింది ఇంకొకటి. 1984లో కరణాల పదవులు తీసేసినప్పుడు కొన్ని కాగితాలు ఇళ్ళల్లోనే ఉండిపోయాయి. మీ ఊరి కరణాల ఇల్లు పడగొట్టి మిద్దె కట్టకముందే వెళ్ళి అటక మీద ఏముందో అడగండి. ఇమ్మని అడిగితే భూముల తగువనుకుని భయపడతారు. అక్కడే కూర్చుని ఫోటోలు తీసుకుంటామంటే కాదనరు.

మీ ఊరి పేరు, పాత ఫిర్కా (తాలూకాలో ఒక భాగం) పేరు కింద రాయండి. నా దగ్గరున్న 1951 జనాభా లెక్కల నకళ్ళలో ఉందేమో చూసి చెబుతాను.