ఫ్యాన్ వేయబోతే లైట్ ఎందుకు వెలుగుతుంది?

పదేళ్లుగా ఉంటున్న ఇంట్లోనే ఫ్యాన్ వేయబోయి లైట్ వేస్తున్నాను, ఇది మతిమరుపేనా అని అడిగారు. కాదండీ, తప్పు స్విచ్‌బోర్డుది.

ఆరు స్విచ్‌లూ ఒకేలా, ఒకే వరసలో ఉంటాయి. ఏది దేనిదో చెప్పే ఆనవాలు ఉండదు. వస్తువులు ఏ వరసలో కనిపిస్తే వాటి స్విచ్‌లూ అదే వరసలో ఉంటాయని మన మెదడు అనుకుంటుంది. ఆ పొందిక లేకపోతే ప్రతిదీ గుర్తుపెట్టుకోవాల్సిందే. చంకలో పిల్లాడు, చేతిలో పాలగిన్నె ఉన్నప్పుడు అది గుర్తుకురాదు.

1959లో అమెరికాలో చపానిస్, లిండెన్‌బామ్ అనే పరిశోధకులు నాలుగు బర్నర్ల స్టవ్‌తో దీన్నే పరీక్షించారు. బర్నర్లు చతురస్రంగా, నాబ్‌లు ఒకే వరసలో ఉంటే జనం తప్పు నాబ్ తిప్పారు. ముందు, వెనక బర్నర్లను కాస్త పక్కకు జరిపి, నాలుగూ నాబ్‌ల వరసలోనే కనిపించేలా చేస్తే ఆ తప్పులు పోయాయి.

కొత్తిల్లు కడుతుంటే, లైట్లు, ఫ్యాన్లు ఉన్న వరసలోనే వాటి స్విచ్‌లూ పెట్టమని వైరింగప్పుడే ఎలక్ట్రీషియన్‌కి చెప్పండి. పాత ఇల్లయితే ఫ్యాన్ స్విచ్ మీద ఒక చుక్క నెయిల్ పాలిష్ దళసరిగా పెట్టండి. మా అమ్మ అలాగే పెట్టుకుంది. చీకట్లో కూడా వేలికి తగులుతుంది.