ఇంజిన్ ఆగితే పంపు ఆగుతుందా?

ప్రశ్న: మాది తిరుపతి. మావాడు మెకానికల్ డిప్లొమా రెండో ఏడాది. మా నాయన నడిపిన పాత మారుతి 800 ఇంట్లో మూలనపడి ఉంది. దాని కార్బురేటర్ పీకేసి ఇంజెక్షన్ పెడతానని పాత సామాన్ల అంగళ్ల చుట్టూ తిరుగుతున్నాడు. పోర్టికో నిండా పైపులు, పెట్రోలు వాసన. వాళ్లమ్మకు ఒకటే టెన్షన్. ఇందులో వాడికి భవిష్యత్తు ఉందా? మాన్పించి ఏదైనా సాఫ్ట్‌వేర్ కోర్సులో చేర్పించమంటారా?

జవాబు: పని మాన్పించకండి. ఇంట్లో పెట్రోలు పెట్టడం మాత్రం ఈరోజే మాన్పించండి. మీరు ఈ రెండింటినీ కలిపి భయపడుతున్నారు.

మీవాడు పెట్టుకున్న పని చిన్నది కాదు. కార్బురేటర్ అంటే గాలిలో పెట్రోలు కలిపి ఇంజిన్‌కు పంపే పాత పరికరం. ఇంజెక్షన్ అంటే ఇంజెక్టరు అనే సన్నటి ముక్కులోంచి పెట్రోలును ఒత్తిడితో చల్లే పద్ధతి. కార్బురేటర్ కారులో పెట్రోలు పంపును ఇంజినే ఆడిస్తుంది. దాని ఒత్తిడి పావు బార్‌కు (బార్ అంటే ఒత్తిడి కొలత) అటూ ఇటూ. ఇంజెక్షన్‌కు దాదాపు 3 బార్ కావాలి, అంటే పది రెట్ల పైమాటే. పాత గొట్టం, పాత క్లిప్పు అక్కడ పనికిరావు. టాంకులో కరెంటు పంపు, ఫిల్టరు, ఒత్తిడిని అదుపులో పెట్టే రెగ్యులేటరు, మిగిలిన పెట్రోలు వెనక్కి వెళ్లే లైను, అన్నీ కొత్తగా కూర్చాలి. అంగట్లో రబ్బరు గొట్టాలన్నీ నల్లగా ఒకేలా ఉంటాయి. ఇంజెక్షన్‌కు తగిన గొట్టం మీద ‘ఎస్ఏఈ 30ఆర్9’ అన్న ముద్ర ఉంటుంది, చూసి కొనమనండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఆ కాలపు రబ్బరు దాన్ని తట్టుకోవడం కష్టం.

ఇక మీవాడిని కూర్చోబెట్టి ఒక ప్రశ్న అడగండి: ‘‘దోవలో బండి దేనికైనా గుద్దుకుని ఇంజిన్ ఆగిపోతే, నీ పంపు ఆగుతుందా?’’

పాత పంపుతో ఈ బాధ లేదు, ఇంజిన్‌తో పాటే అదీ ఆగేది. కరెంటు పంపును తిన్నగా తాళం వైరుకు కలిపితే, ఇంజిన్ ఆగినా, గొట్టం తెగినా అది 3 బార్ ఒత్తిడితో పెట్రోలు చిమ్ముతూనే ఉంటుంది. కంపెనీ బండ్లలో తాళం తిప్పగానే పంపు రెండు మూడు సెకన్లు తిరిగి ఆగుతుంది. ఇంజిన్ తిరుగుతోందని సెన్సర్ చెప్తేనే ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపించే చిన్న కంప్యూటరు, పంపు స్విచ్చులా పనిచేసే రిలేకు మళ్లీ కరెంటు ఇస్తుంది. మీవాడు ఇది ముందే ఆలోచించి ఉంటే, నా మాటగా చెప్పండి, వాడు ఇంజినీరు లెక్కే. ఆలోచించకపోతే తిట్టకండి. రెండు రోజులు టైమివ్వండి.

ఇంకో ప్రశ్న కూడా అడగొచ్చు. తిరుమల ఘాట్ మలుపుల్లో టాంకులో పెట్రోలు తక్కువగా ఉంటే అదంతా ఒక పక్కకు జారి పంపు గాలి పీలుస్తుంది. కార్బురేటర్‌కు తన గిన్నెలో కాస్త నిల్వ ఉంటుంది కాబట్టి సర్దుకుంటుంది. ఇంజెక్షన్ బండి వెంటనే తడబడుతుంది. మరి కంపెనీవాళ్లు పంపు చుట్టూ చిన్న కుండలాంటిది ఎందుకు పెడతారు?

అట్లని ఆ కారును ఘాట్ రోడ్డు కాదు గదా, వీధిలోకి కూడా తేనివ్వకండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని అనుమతి లేకుండా మార్చకూడదు. ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. అది షెడ్డులో స్టాండ్ల మీద నడిచే పాఠం, అంతే.

చదువు సంగతి. డిప్లొమా పూర్తిచేసి ఈసెట్ ప్రవేశ పరీక్ష రాస్తే బీటెక్ రెండో ఏడాదిలో నేరుగా చేరొచ్చు. కాలేజీ ఎంచుకునేటప్పుడు బిల్డింగులు చూడకండి, ‘బాహా, సుప్రా, ఫార్ములా భారత్ పోటీలకు మీకు టీమ్ ఉందా’ అని అడగండి. విద్యార్థులే బండి తయారుచేసి పోటీపడే పందేలివి. సుప్రా, ఫార్ములా భారత్ లాంటి ఫార్ములా పోటీల్లో పెట్రోలు ఇంజిన్‌కు గాలి వెళ్లే దారిని 20 మిల్లీమీటర్లకు కుదిస్తారు. ఆ ఇరుకులోంచి శక్తి రాబట్టడమే పందెం. మీవాడి పిచ్చికి తగిన చోటు అది.

వెంటనే ఉద్యోగం కావాలంటే మన జిల్లాలోనే శ్రీసిటీలో ఇసుజు, సత్యవేడు దగ్గర హీరో ఉన్నాయి. డిప్లొమా వాళ్లకు అక్కడ దొరికేది ఎక్కువగా బండ్లు బిగించే లైను మీద పని. ఏ వేగానికి ఎంత పెట్రోలు చల్లాలో పట్టిక తయారుచేసే కాలిబ్రేషన్ పనికైతే చెన్నై, బెంగళూరు, పుణె వెళ్లాల్సిందే. బీటెక్ అడుగుతారు. సాఫ్ట్‌వేర్ అంటున్నారే, ఆ పని సగం కంప్యూటర్ ముందే. వాడిని పైథాన్ నేర్చుకోమనండి, ఇంజిన్ వదలకుండానే.

ఎలక్ట్రిక్ బండ్లొస్తే ఇదంతా ఏమైపోతుందని మీకు అనుమానం రావచ్చు. కార్బురేటర్ విప్పడం ఒక్కటే వచ్చినవాడికి ఇప్పటికే కష్టకాలం. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 పొగ నిబంధనలు వచ్చాక కొత్త బైకుల్లో దాదాపు అన్నిటికీ ఇంజెక్షనే. సెన్సర్, రిలే, వైరింగ్ తెలిసినవాడు బ్యాటరీ బండి దగ్గరా నిలబడగలడు. కరకంబాడిలో బ్యాటరీల కంపెనీ మీకు తెలియనిది కాదు.

వాడు ఒక నోటుబుక్కు పెట్టాలి. ఏ రోజు ఎంత ఒత్తిడి వచ్చింది, ఎక్కడ కారింది, ఏం మార్చాడు, ఫొటోతో సహా. ఇంటర్వ్యూలో ‘కారు చేశాను’ అంటే ఎవరూ నమ్మరు. కారిన చోటు చూపిస్తే కుర్చీ ముందుకు జరుపుకుంటారు.

పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు. నేలబారున పాకుతూ వంటింటి దాకా, దేవుడి దీపం దాకా పోతుంది. అందుకే కారును గోడలు లేని షెడ్డుకు తోయించండి. తెలిసిన మెకానిక్ పక్కన లేనిదే పంపుకు కరెంటు ఇవ్వొద్దనండి. ఇంజెక్టరు ఎలా చల్లుతుందో చూద్దామని బయట చల్లించడం అసలు వద్దు. పౌడరు రకం మంటలార్పే సిలిండరు ఒకటి కొనివ్వండి. నోటుబుక్కులో మొదటి ఖర్చుగా అదే రాసుకోమనండి.