పాత డెస్క్‌టాప్‌ను బాగుచేయించాలా, కొత్తది కొనాలా?

ప్రశ్న: మా అబ్బాయి ఈ ఏడాదే ఇంజనీరింగ్‌లో కంప్యూటర్ సైన్స్‌లో చేరాడు. ఇంట్లో 2015లో కొన్న డెస్క్‌టాప్ ఉంది. కోర్ ఐ5 నాలుగో తరం ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. ఆన్ చేశాక పని మొదలుపెట్టడానికి ఐదారు నిమిషాలు పడుతోంది. విండోస్ 11 దీనికి రాదని మెసేజ్ చూపిస్తోంది. షాపులో అడిగితే మదర్‌బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మూడూ మార్చాలన్నారు. మా వాడేమో గ్రాఫిక్స్ కార్డు ఉన్న కొత్తది కావాలంటున్నాడు, లేకపోతే క్లాసులో వెనకబడిపోతానని వాడి టెన్షన్. చిన్నమ్మాయి చదువు ఖర్చు కూడా చూసుకోవాలి. ఏం చేయమంటారు? — ఒక తల్లి

జవాబు: అమ్మా, ఈ ఏడాది కొత్త కంప్యూటర్ కొనకండి. షాపువాళ్లు చెప్పినట్టు మూడూ మార్చే పని కూడా పెట్టుకోకండి. హార్డ్ డిస్క్ పని వేగంగా చేసే ఒక ఎస్‌ఎస్‌డీ, కొంత ర్యామ్ (తెరిచి ఉన్న పనులను కంప్యూటర్ పెట్టుకునే చోటు) వేయించి, పెద్ద ఖర్చును రెండో ఏడాది చివరికి వాయిదా వేయండి. ఎందుకో చెప్తాను. మీ అబ్బాయిని కూడా పక్కన కూర్చోబెట్టుకుని చదవండి, ఎందుకంటే ఇందులో సగం పని వాడిదే.

మీ సిస్టమ్ నెమ్మదిగా ఉండడానికి కారణం ప్రాసెసర్ కాదనుకుంటున్నాను. హార్డ్ డిస్క్ లోపల ఒక పళ్లెం గిర్రున తిరుగుతూ ఉంటుంది. ఒక చిన్న చేయి దాని మీద అటూ ఇటూ కదులుతూ ఫైళ్లను వెతుకుతుంది. అలా ఒక్కో చోటు వెతకడానికి సుమారు పది మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి సెకనుకు వంద చోట్లకు మించి వెళ్లడం దానికి కష్టం. విండోస్ మొదలయ్యేటప్పుడు వేల చిన్న ఫైళ్లు తెరవాలి. మీరు ఎదురుచూసే ఐదారు నిమిషాల్లో ఎక్కువ భాగం ఈ వెతుకులాటకే పోతోంది. ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగమే ఉండదు. అది సెకనుకు పదివేల చోట్ల నుంచైనా సులువుగా చదవగలదు. ఇక 4 జీబీ ర్యామ్ అంటే విండోస్, బ్రౌజర్ తెరిచేసరికే నిండిపోతుంది. నిండాక మిగిలిన పనిని కంప్యూటర్ డిస్క్ మీదే పెట్టుకుంటుంది, అంటే మళ్లీ ఆ నెమ్మది హార్డ్ డిస్క్ దగ్గరికే వెళ్తుంది.

నా మాట మీద నమ్మకంతో డబ్బు ఖర్చుపెట్టకండి, ముందు పరీక్షించి చూడండి. సిస్టమ్ బాగా నత్తనడకన ఉన్నప్పుడు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. డిస్క్ దగ్గర వంద శాతం, మెమరీ (అంటే ర్యామ్) దగ్గర తొంభై పైన కనిపిస్తూ సీపీయూ (అంటే ప్రాసెసర్) మాత్రం ముప్పై నలభైలోనే ఉంటే నేను చెప్పిందే జబ్బు. సీపీయూ ఎప్పుడు చూసినా వంద దగ్గరే ఉంటే మాత్రం ఆగండి. ముందు వైరస్ ఉందేమో, ఫ్యాను దుమ్ముతో మూసుకుపోయి ప్రాసెసర్ వేడెక్కుతోందేమో చూడాలి.

పాత మెషీన్ మీద ఖర్చు పెట్టే ముందు ప్రతి భాగం గురించీ ఒకటే ప్రశ్న వేసుకోండి. ఇది రేపు కొనబోయే కొత్త కంప్యూటర్‌లోకి వస్తుందా? ఎస్‌ఎస్‌డీ వస్తుంది, కొత్త డెస్క్‌టాప్ అయితే లోపల పెట్టుకోవచ్చు, ల్యాప్‌టాప్ అయితే ఒక కేబుల్‌తో బయట తగిలించుకోవచ్చు. కాబట్టి అది కొత్తదే, మంచిదే తీసుకోండి. 2.5 అంగుళాల సాటా రకం అని అడగండి. సన్నని పట్టీలా ఉండే ఎన్‌వీఎంఈ రకానికి ఆ కాలం నాటి బోర్డుల్లో చాలావాటిలో చోటే ఉండదు. మానిటర్, కీబోర్డు కూడా కొత్తదానితో పనిచేస్తాయి. ర్యామ్ మాత్రం రాదు. మీ దాంట్లో పట్టేది డీడీఆర్3. కొత్తవాటిలో డీడీఆర్4 లేదా డీడీఆర్5 ఉంటుంది, గాడి ఉన్న చోటే వేరు కాబట్టి బలవంతంగా తోసినా దిగదు. అందుకని దానికి ఎక్కువ డబ్బు పోయకండి. వాడిన స్టిక్కులు పరీక్షించి ఇచ్చేవాళ్ల దగ్గర 8 జీబీవి రెండు దొరికితే చాలు, మొత్తం 16 జీబీ అవుతుంది. చిన్న బోర్డుల్లో ర్యామ్‌కు రెండే స్లాట్లు ఉంటాయి కాబట్టి 4 జీబీవి నాలుగు కొనేయకండి.

షాపువాళ్లు చెప్పిన దారి నాకు ఎందుకు నచ్చలేదో కూడా చెప్పాలి. మదర్‌బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మారిస్తే అది దాదాపు కొత్త కంప్యూటర్ ఖర్చే. పైగా పదేళ్లు దాటిన ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు అందించే డబ్బా) మీద కొత్త బోర్డు నడపడం నాకు భయం. అది పాడైతే ఒక్కోసారి పక్కవాటినీ పాడుచేస్తుంది. దాన్నీ మారిస్తే ఇక మిగిలే పాత వస్తువు క్యాబినెట్ ఒక్కటే. అంత ఖర్చు పెట్టేటప్పుడు కొత్తదే, మొత్తానికి ఒకే వారంటీతో, వాడికి ఏం కావాలో తెలిశాక కొనడం మేలు.

విండోస్ 11 సంగతి నిజమే. దానికి ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉన్న మెషీన్లు కావాలి. మీది నాలుగో తరం. అడ్డదారిలో ఎక్కించే పద్ధతులు ఉన్నాయి కానీ వాటికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు. విండోస్ 10కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. ఇళ్లలో వాడేవాళ్లకు ప్రకటించిన పొడిగింపు 2026 అక్టోబర్ 13 వరకు. ఈ లోపు ఎస్‌ఎస్‌డీ మీద ఉబుంటు గానీ లైనక్స్ మింట్ గానీ వేసుకోమనండి. ఇవి విండోస్ బదులు వాడే లైనక్స్ రకాలు, రెండూ ఉచితమే. మీ అబ్బాయి చదువుకు ఇది రాజీ కాదు, లాభం. ఇంటర్నెట్‌లో సర్వర్లు ఎక్కువగా నడిచేది లైనక్స్ మీదే, ఆండ్రాయిడ్ ఫోన్ల అడుగున ఉన్నదీ దాని కెర్నెలే, అంటే మూల భాగమే. కమాండ్ లైన్ (ఆదేశాలను టైప్ చేసి కంప్యూటర్‌ను నడపడం) అంటే భయం లేకుండా రెండో ఏడాదిలోకి వెళ్లే పిల్లవాడికి ఇంటర్న్‌షిప్‌లో అది వెంటనే అక్కరకొస్తుంది. ఒక్క జాగ్రత్త. కొన్ని ఆన్‌లైన్ పరీక్షల సాఫ్ట్‌వేర్ లైనక్స్ మీద పనిచేయదు. అలాంటి పరీక్ష ఉంటే కాలేజీ ల్యాబ్‌లో రాసే వీలుందేమో ముందే అడిగి పెట్టుకోండి.

ఇప్పుడు గ్రాఫిక్స్ కార్డు మాట. మొదటి రెండేళ్లలో వాడు చేసేవి సీ, పైథాన్, జావా, డేటా స్ట్రక్చర్స్, డేటాబేస్, కొంత వెబ్. వీటిలో దేనికీ ఆ కార్డు అక్కర్లేదు. ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియోలో ఎమ్యులేటర్ (కంప్యూటర్‌లోనే నడిచే నకలు ఫోన్) నడపాలంటే కావలసింది ర్యామ్, 16 జీబీ ఉంటే నడుస్తుంది, పాత ప్రాసెసర్ కాబట్టి కొంచెం ఓపిక పట్టాలి. మెషీన్ లెర్నింగ్ మీద ఆసక్తి పుడితే అప్పుడు ఎన్‌విడియా కంపెనీ గ్రాఫిక్స్ కార్డు ప్రశ్న వస్తుంది. అప్పటికీ నేర్చుకునే దశలో గూగుల్ కోల్యాబ్‌లో బ్రౌజర్ నుంచే ఉచితంగా, పరిమితులతో జీపీయూ (గ్రాఫిక్స్ కార్డులోని చిప్) వాడుకోవచ్చు. మీ అబ్బాయి ఆర్కిటెక్చర్‌లోనో, యానిమేషన్‌లోనో, వీడియో ఎడిటింగ్‌లోనో చేరి ఉంటే నా జవాబు వేరుగా ఉండేది. అక్కడ మొదటి ఏడాదే బరువైన సాఫ్ట్‌వేర్ వస్తుంది, ఈ మెషీన్ మోయలేదు, కొత్తది కొనమనే చెప్పేవాణ్ణి.

తొందరగా కొంటే ఏమవుతుందో నేను చూశాను. నా దగ్గరికి వచ్చిన ఒక విద్యార్థికి చేరిన వారంలోనే ఖరీదైన గేమింగ్ ల్యాప్‌టాప్ కొనిచ్చారు. మూడో ఏడాదికి ఆ అబ్బాయి మనసు నెట్‌వర్కింగ్ మీదికి మళ్లింది. అక్కడ ఒకేసారి నాలుగైదు వర్చువల్ మెషీన్లు (ఒకే కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటర్లు) నడపాలి, అంటే ర్యామ్ కావాలి. ఆ ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్ బోర్డుకే అతికించి ఉంది, పెంచే దారి లేదు. వాడని గ్రాఫిక్స్ కార్డుకు డబ్బు పోయింది, అవసరమైన ర్యామ్ దొరకలేదు. వాళ్ల నాన్నగారు ఇంకా వాయిదాలు కడుతూనే ఉన్నారు. అందుకే రెండో ఏడాది చివరిదాకా ఆగమంటున్నాను. అప్పటికి మీ వాడికి ఏ దారి ఇష్టమో తెలుస్తుంది, ఇంటర్న్‌షిప్‌లకు మోసుకెళ్లేందుకు ల్యాప్‌టాప్ అవసరమో కాదో కూడా తేలుతుంది.

అయితే క్యాబినెట్ తెరిచినప్పుడు ఒకటి గమనించండి. బోర్డు మీద చిన్న డబ్బాల్లా ఉండే కెపాసిటర్లు పైన ఉబ్బి గానీ కారి గానీ కనిపిస్తే, లేదా వేడెక్కకుండానే సిస్టమ్ దానంతట అదే ఆరిపోతుంటే, ర్యామ్ కొనకండి. ఎస్‌ఎస్‌డీ కూడా అప్పుడే వద్దు. ఆ బోర్డు ఎన్నాళ్లుంటుందో చెప్పలేం, అప్పుడు కొత్తదానికే వెళ్లాలి. అది కూడా గ్రాఫిక్స్ కార్డు లేనిదే, ర్యామ్ పెంచుకునే స్లాటు ఉన్నదే చూడండి.

బాబూ, ఇక నీతో. ఈ పని షాపులో కాదు, నువ్వే చెయ్యి. ప్లగ్గు తీసెయ్, క్యాబినెట్ ఇనుమును ఒకసారి చేత్తో ముట్టుకో, అప్పుడు ఒంట్లో స్టాటిక్ ఉంటే పోతుంది. ఏ వైరు ఎక్కడుందో ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకో. ర్యామ్ రెండు వైపులా క్లిప్పు టక్కుమని పడేదాకా నొక్కు. ఎస్‌ఎస్‌డీకి రెండే కేబుళ్లు, ఒకటి డేటాకి, ఒకటి కరెంటుకి. కంప్యూటర్ సైన్స్ చదివే నీకు బోర్డు మీద ఏది ఎక్కడుందో కళ్లారా చూసే అవకాశం ఇది, వదులుకోకు. తెలియని చోట ఆగి, తెలిసినవాళ్లను అడిగి ముందుకెళ్లు.

అమ్మా, ఇదంతా మొదలుపెట్టే ముందు ఆ హార్డ్ డిస్క్‌లో ఉన్న ఇంటి ఫొటోలు, కాగితాలు ఇంకో చోటికి కాపీ చేయించండి. పదేళ్ల డిస్క్ ఎప్పుడైనా ఆగిపోవచ్చు. కాపీ అయిన ఫైళ్లు తెరుచుకుంటున్నాయని మీ కళ్లతో మీరు చూసేదాకా దాన్ని ఫార్మాట్ చేయనివ్వకండి.